ఎడమచేతి టేపు

పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరుతూ నోలా మొగుడికి ఒకే ఒక మాట చెప్పింది. "కుళాయి జోలికి వెళ్లకు క్లారీ. ఆదివారం డెస్ వచ్చి చూస్తాడు." డెస్ ఆమె తమ్ముడు, లైసెన్సున్న ప్లంబరు. ఆ పేరు ఎత్తకుండా ఉంటే క్లారీ పాస్కో హాయిగా వరండాలో కూర్చుని గొర్రెల ధరలు చదువుకునేవాడు. ఆ పేరు విన్నాక ఇంకెక్కడ కూర్చుంటాడు? నోలా కారు వెనకసీట్లో పెద్ద పెట్టె ఉందని గమనించాడు గానీ, అదేమిటని అడిగే ధ్యాస కూడా లేకపోయింది.

వాననీళ్ల ట్యాంకుకున్న కుళాయి వేసవంతా చుక్క చుక్కగా కారుతూనే ఉంది. మ్యాలీ అనే ఈ వానతక్కువ ప్రాంతంలో బోరునీళ్లు గొర్రెలకు చాలు, టీకి పనికిరావు. ఆ నీళ్లతో పెడితే కషాయం తాగినట్టుంటుంది. నోలాకు టీ బాగుంటేనే రోజు బాగుంటుంది, ఆమె రోజు బాగుంటేనే క్లారీ బతుకు బాగుంటుంది. ట్యాంకులో మిగిలింది సగమే. ఇక్కడ వానలు పడేది చలికాలంలోనే, అప్పటిదాకా ఆ నీళ్లే దిక్కు.

ఇక్కడ కుళాయి మార్చడానికి ట్యాంకు ఖాళీ చేసే పిచ్చివాళ్లెవరూ లేరు. కొత్తది చేతిలో సిద్ధంగా పెట్టుకుని, పాతది ఊడదీసి, మోచేతిదాకా తడుస్తూ దాన్ని చటుక్కున బిగించేయడమే పద్ధతి. క్లారీ కూడా కొత్త కుళాయి మరల మీద నీళ్లు కారకుండా టెఫ్లాన్ టేపు శ్రద్ధగా చుట్టాడు. అయితే అతనిది ఎడమచేతివాటం. మర తిరిగేది ఒకవైపు, టేపు చుట్టుకున్నది రెండోవైపు. పాతది పీకి కొత్తది తిప్పుతుంటే టేపు లోపలికి వెళ్లకుండా ఊడొచ్చి సేమ్యాలా వేలాడింది. కుళాయి పట్టు దొరక్క, నీటి తోపుకు చేతిలోంచి జారి గడ్డిలో పడింది. క్లారీకి తోచింది ఒక్కటే, బొటనవేలు కన్నంలో దూర్చేశాడు.

నీళ్లు ఆగాయి, క్లారీ కూడా అక్కడే ఆగిపోయాడు. ఫోను వంటింటి బల్ల మీద ఉంది, కుళాయి కాలికి కూడా అందనంత దూరంలో ఉంది. రెండో చేత్తో బొటనవేలిని అదిమిపట్టి, చెంప ట్యాంకుకు ఆనించి నిలబడ్డాడు.

అంతలో పక్క పొలం వెస్ ట్రెజైజ్ బండి రోడ్డు మీదుగా వచ్చింది. ఆ రోడ్డులో ఎదురుపడ్డవాళ్లు స్టీరింగు మీంచి ఒక వేలు లేపుతారు, అవతలివాళ్లూ ఒక వేలు లేపాలి. పొలం గట్టు గురించి కోర్టుకెక్కిన వాళ్లు కూడా ఆ వేలు మానరు. వెస్ వేలు లేపాడు. క్లారీ దగ్గర లేపడానికి ఖాళీగా ఉన్న వేలు లేదు. వెస్ బండి నెమ్మది చేసి చూశాడు. ట్యాంకును కావలించుకుని ఉన్న క్లారీ మొహం మీంచి, కుళాయి జారినప్పుడు నెత్తిన చిమ్మిన నీళ్లు ఇంకా ధారగా కారుతున్నాయి. ఏడుస్తున్న మగవాడి దగ్గర బండి దిగడమంత అమర్యాద ఆ ప్రాంతంలో ఇంకోటి లేదు. అందుకని వెస్ మర్యాదగా ఊళ్లోకి పోయి, కొట్టు నడిపే మావిస్‌తో మొత్తం చెప్పేశాడు.

పొద్దున్న నోలా కారులో పెద్ద పెట్టె చూశానంది మావిస్. ఇక చెప్పేదేముంది, మొగుణ్ని వదిలి పోయిందన్నమాటే. ఇన్నేళ్లూ ఆ టీ కోసం ఎంత సాధించిందో అని ఒకరు, ఆవిడే ఎక్కువ సహించిందని ఒకరు నిట్టూర్చారు. గంట తిరక్కుండా గుడ్డు శాండ్‌విచ్‌లు, కొబ్బరి కేకులు, మూతపెట్టిన మాంసం కూర పట్టుకుని ఊరు క్లారీ పెరట్లో దిగింది. పళ్లేలు వరండాలో పెట్టి, అందరూ ఎండ గురించి మాట్లాడారు.

మావిస్ అతని వీపు నిమిరింది. "ఏడువు నాయనా. ఏడిస్తే బరువు దిగుతుంది."

"ఏడుపు కాదు మావిస్. ఆ కుళాయి ఇలా అందించు, వేలు చచ్చుబడింది."

వెస్ కుళాయి తీసుకున్నాడు గానీ ఇవ్వలేదు. టేపు కొత్తవాళ్ల వేషమనీ, జనపనార చుట్టి పైన పేస్టు రాస్తేనే మర పట్టేదనీ వాదన ఎత్తుకున్నాడు. టేపే మేలని ఇంకొకాయన అడ్డం తగిలాడు. ఇద్దరూ కలిసి కుళాయిని అటూ ఇటూ తిప్పుతుంటే, మావిస్ క్లారీ చెవి దగ్గర వంగి మెల్లగా అంది.

"వెళ్లి క్షమాపణ అడుగు. నోలా మంచిది, తిరిగి రాకపోదు."

క్లారీకి మొదట అర్థం కాలేదు. తర్వాత పెద్ద పెట్టె గుర్తొచ్చింది. కళ్లు చూపించుకోవడానికి పెట్టె ఎందుకు?  నోలాయే లేకపోతే ఈ నీళ్లు ఎవరి టీకి? ఫోను కోసం బొటనవేలు పీకి వంటింటికి పరుగెత్తాడు.

ట్యాంకు ఏనుగు తొండంలా చిమ్మింది. జనం బకెట్లు, వంటింటి గిన్నెలు, చివరికి టోపీలు కూడా పట్టారు. సరిగ్గా అప్పుడే నోలా కారు గేటు దాటింది. వరండా నిండా పళ్లేలు, పెరటి నిండా ఊరు. అలాంటి పళ్లేలు ఎవరైనా పోయిన ఇంటికే వస్తాయని ఆమెకు తెలుసు. కారు తలుపు కూడా వేయకుండా, "క్లారీ, క్లారీ" అంటూ పరుగెత్తి, వంటింట్లోంచి బయటికొస్తున్న మొగుణ్ని ఢీకొంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఊరంతా మర్యాదగా అటు తిరిగింది.

"వెళ్లిపోయావనుకున్నాను. ఆ పెట్టె..."

"నీ పాత కోట్లు. చర్చివాళ్ల పాతబట్టల కొట్టుకిచ్చొచ్చాను. చెబితే ఇవ్వనిస్తావా?" అని కళ్లు తుడుచుకుంది. వెస్ చేతిలోంచి కుళాయి లాక్కుని, మర తిరిగే వైపే టేపు చుట్టి, మొహం తడుస్తుండగా పానాతో బిగించేసింది. చుక్క కూడా కారలేదు.

"నీకిది ఎలా వచ్చు?" అన్నాడు క్లారీ.

"అది ఊరికే కారిందనుకున్నావా? నిమ్మచెట్టు ఎండిపోతుంటే నేనే కాస్త వదులు చేశాను. టీలోకి నిమ్మకాయ అడిగేది నువ్వే కదా."

మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా అన్నాడు క్లారీ. చెబితే నీళ్లు దండగని గోల చేసేవాడివి, డెస్ వస్తాడంటే ఆదివారందాకా ముట్టుకోవనుకున్నాను అంది నోలా. ఊరంతా శాండ్‌విచ్‌లు తిని, పట్టిన నీళ్లు మళ్లీ ట్యాంకులో పోసి ఇళ్లకు పోయింది. మాంసం కూర రెండు పూటలు వచ్చింది.

మర్నాడు పొద్దున క్లారీ టీ కప్పుతో పెరట్లోకి వచ్చేసరికి కొత్త కుళాయి నిమ్మచెట్టు వైపు చుక్క చుక్కగా కారుతోంది. కట్టు కట్టిన బొటనవేలు పక్కకు పెట్టి, కుళాయికి మర్యాదగా చూపుడువేలు లేపి లోపలికి పోయాడు.