గడ్డి కోయకుండా ఉండేందుకు డెల్మర్ పెంచిన పులులు

వర్జీనియా కొండల్లో ఆ చిన్న ఊళ్లో డెల్మర్ ప్రూయిట్‌ను ఎవరూ ఉత్త డెల్మర్ అనరు. ‘తర్వాత డెల్మర్’ అంటారు. ఏ పని చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. వాళ్ల వరండా మెట్టు విరిగి మూడేళ్లయింది. ఊళ్లోవాళ్లు దాన్ని దాటి అడుగేయడం నేర్చుకున్నారు. కొత్తవాళ్లు ఒకసారి పడి నేర్చుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ‘తర్వాత’ అనడు. శనివారం పొద్దున్నే స్నేహితుడు హోబర్ట్‌తో కలిసి ఏటికి చేపలు పట్టడానికి పోవడం.

ఈ వేసవిలో దానికే ముప్పు వచ్చింది. ముందు గడ్డి, తర్వాతే గాలమని భార్య ఒలీటా తేల్చి చెప్పింది. ఇంటి చుట్టూ ఎకరం ఏటవాలు నేల. మిషను తోసుకుంటూ మొత్తం కోసేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటికి చేపలూ ఉండవు, హోబర్టూ ఉండడు.

జూన్ నెలలో ఒకరోజు డెల్మర్ వరండాలో కూర్చుని, చల్లటి తీపి టీ తాగుతూ, గడ్డి మిషను వంక పడని చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నాడు. ఇంతలో అరచేయంత సీతాకోకచిలుక ఒకటి వచ్చి గడ్డిపువ్వు మీద వాలింది. పసుపు రెక్కలు, వాటి మీద నల్లటి చారలు. అక్కడ దాన్ని అందరూ పులి అనే అంటారు. రాష్ట్రం తన గుర్తుగా పెట్టుకున్న పురుగు కూడా అదే.

డెల్మర్ బుర్రలో దీపం వెలిగింది. లోపలికి వెళ్లి, ఇక గడ్డి కోయడం కుదరదనీ, అక్కడ పులులు మేస్తున్నాయనీ, కోస్తే రాష్ట్రాన్ని అవమానించినట్టేననీ ప్రకటించాడు.

ఒలీటా చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది. తల ఎత్తలేదు.

“నీకు రాష్ట్రం మీద ఇంత భక్తి ఉందని నాకు తెలియదే.”

“భక్తి చెప్పుకునేది కాదు, ఒలీటా.”

“ఎన్నాళ్లుంటుంది?”

“మంచు పడేదాకా.” గడ్డి పెరగడం ఆగేది అప్పుడే.

ఆమె ఇంకేమీ అనలేదు. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసినవాడు ఆ మౌనానికి భయపడాలి. డెల్మర్ భయపడలేదు సరికదా, చెక్క ముక్క మీద ‘పులులు మేసే చోటు, గడ్డి కోయరాదు’ అని రాసి గేటు పక్కన పాతాడు.

మూడు శనివారాలు స్వర్గం. చేపలు పెద్దగా పడలేదు కానీ, అది చేపల తప్పు.

నాలుగో వారానికి గడ్డి మోకాలు దాటింది. పక్కింటి కుక్క అందులో దూరితే తోక మాత్రమే కనిపించేది. డెల్మర్‌కు మాత్రం ఒక్కటే చిరాకు. పసుపు పులులతోపాటు నల్లటివి కూడా వచ్చి వాలుతున్నాయి. పైకి చారలు కనిపించవు, వెనక రెక్కల మీద కాస్త నీలం మెరుపు. పులుల బోర్డు కింద ఇలాంటివి కూర్చుంటే తన పరువేం కావాలి? అందుకని రోజూ టోపీ ఊపి వాటిని తోలేసేవాడు.

శుక్రవారం సాయంత్రం ఫోను మోగింది. తోటల సంఘం అధ్యక్షురాలు స్ట్రౌడ్ గారు. ఆయన సేవ గురించి ఎవరో రాశారట. మర్నాడు ఎనిమిదింటికల్లా పధ్నాలుగుమంది వస్తున్నారట. తర్వాత ఎప్పుడైనా రమ్మని డెల్మర్ గొణిగేలోపే ఆవిడ ఫోను పెట్టేసింది.

పొద్దున్నే పధ్నాలుగు టోపీలు దిగాయి. విరిగిన మెట్టు దగ్గర పధ్నాలుగూ వరసగా తూలాయి. రోడ్డు మీద హోబర్ట్ హారన్ మోగించి, మోగించి, వెళ్లిపోయాడు.

గడ్డిలో నిలబడి డెల్మర్ పులుల అలవాట్లు వర్ణించాడు. తెలిసినవి రెండు చెప్పాడు, తెలియనివి ఇరవై కల్పించాడు. అంతలో నల్లది ఒకటి వచ్చింది. అలవాటుగా టోపీ ఊపాడు.

ఎందుకు తోలుతున్నారని స్ట్రౌడ్ గారు అడిగింది.

“ఇవి పులులు కావమ్మా. దొంగ బాపతు. నెల రోజులుగా తరుముతూనే ఉన్నాను.”

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ప్రూయిట్ గారూ, ఇవీ పులులే. ఆడవాటిలో కొన్ని ఇలా నల్లగా ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా చూడండి, చారలు లీలగా కనిపిస్తాయి. రెండింటికీ పేరొకటే. మగవి మాత్రం ఎప్పుడూ పసుపే.”

డెల్మర్ టోపీ మెల్లగా దించాడు.

“అంటే ఆడవాళ్లను తరిమేసి, మగవాళ్లను కూర్చోబెట్టి మేపుతున్నాడన్నమాట,” అంది ఒలీటా.

పధ్నాలుగు టోపీలూ ఊగిపోయాయి.

స్ట్రౌడ్ గారు నవ్వు ఆపుకుని, తోటను సంఘం జాబితాలో చేర్చుకుంటున్నామంది. మంచు పడేదాకా ప్రతి శనివారం చూడ్డానికి జనం వస్తారు, డెల్మరే దగ్గరుండి చూపించాలి. గడ్డి తొక్కకుండా సన్నటి దారులు కావాలి. ఒలీటా నీళ్ల పైపు తెచ్చి పరిచి, దారులు ఎక్కడెక్కడ రావాలో చూపించింది. అవి ప్రతి పూలగుబురునూ పలకరిస్తూ పాములా మెలికలు తిరిగాయి. ఆ మలుపుల్లో మిషను పట్టదు. చేతి కత్తెరే గతి.

డెల్మర్ స్ట్రౌడ్ గారిని పక్కకు పిలిచి టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

“అమ్మా, నిజం చెప్పేస్తాను. నేను ఇదంతా గడ్డి కోయలేక…”

“తెలుసండీ. మీ ఆవిడ ఉత్తరంలో మొదటి వాక్యం అదే.”

తర్వాతి శనివారం, జనం రాకముందే, డెల్మర్ మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో రెండో మలుపు దగ్గరున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఏటివైపు పోతూ హోబర్ట్ చెయ్యి ఊపాడు.

అప్పుడొక పసుపు పులి వచ్చి డెల్మర్ భుజం మీద వాలింది. చుట్టుకున్న నాలుక చాపి చెమట తాగడం మొదలుపెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఏడుపు ముఖం దానంతటదే నవ్వు ముఖమైంది. మెల్లగా ఒలీటాను పిలిచాడు.

ఆమె వచ్చి వంగి చూసింది.

“మగదే. ఇంకొకరు పనిచేస్తుంటే మీదెక్కి కూర్చుని తాగుతోంది.” తర్వాత గొంతు తగ్గించి, “కదలకు. అది తాగేదాకా అలాగే కూర్చో,” అంది.

కూర్చోమని ఒలీటా చెప్పడం ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే మొదలు. ఆ పులి సాయంత్రందాకా తాగాలని డెల్మర్ దేవుణ్ణి మనసారా వేడుకున్నాడు.

అది రెండు నిమిషాల్లో మూతి తుడుచుకుని ఎగిరిపోయింది. ఒలీటా కత్తెర వంక చూసింది.