అయ్యగారి ఫోను మోగుతూనే ఉండాలి

పాస్టరుగారి ఫోను క్షణం ఆగకుండా మోగడం కన్నా ఆయన ఇంటికి గొప్ప దీవెన ఇంకొకటి లేదు. మా సంఘంలో కొందరు కుర్రకారు "అయ్యగారిని వారానికి ఒక్కరోజైనా వదిలేద్దాం" అంటున్నారట. ఎంత కఠిన హృదయులు! వదిలేస్తే ఆయన ఏం చేస్తారు? ఇంట్లో కూర్చుంటారు. భార్యతో మాట్లాడతారు. ఆ తర్వాత ఎక్కడికి దారితీస్తుందో ఎవరైనా ఆలోచించారా?

ఫోను వల్ల ఆ ఇంటికి కలిగిన మేళ్ళు చూడండి. వేడి అన్నం తింటే నోరు కాలుతుంది. అయ్యగారికి ఆ ప్రమాదం లేదు. ఆయన కంచం ముందు కూర్చోగానే సంఘంలో ఒక పెద్దావిడ ఫోన్ చేసి "భోంచేశారా అయ్యగారూ?" అని ప్రేమగా అడుగుతారు. ఆ ప్రేమ పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది. ఆయన భార్య, అంటే మనందరికీ అమ్మగారు, మళ్ళీ వేడి చేసి తెస్తారు. ఈలోగా కొత్త ఫ్రిజ్ కొన్న సోదరుడు లైన్లోకి వస్తాడు. ప్రార్థన జరగందే ప్లగ్గు పెట్టడానికి అతనికి చెయ్యి రాదు.

"స్పీకర్ ఆన్ చేసి ఫోను ఫ్రిజ్‌లోనే పెట్టానండీ. ఇక కానివ్వండి."

అయ్యగారు కానిస్తారు.

పిల్ల పెంపకం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఇంట్లో పాప పుట్టినప్పటి నుంచి తండ్రిని అందరూ "అయ్యగారూ" అని పిలవడమే విన్నది. తనూ అలాగే పిలుస్తుంది. "అయ్యగారూ, నా లెక్కలు చూస్తారా?" అంటుంది. ఆయన ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, ఖాళీ చెయ్యి పాప తలమీద పెట్టి, "తప్పకుండా ప్రార్థన చేస్తాను తల్లీ" అంటారు. ఇంత మర్యాద ఎన్ని ఇళ్ళల్లో ఉంది? లెక్కలు మాత్రం అమ్మగారే చూస్తారు.

ఇంతలో అమ్మగారికి కడుపునొప్పి మొదలైంది. డాక్టరు స్కాన్ తీయించి, లోపల రాళ్ళున్నాయని, ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దని, భర్తను వెంటబెట్టుకుని రమ్మని చెప్పారు. ఆవిడ ఇంటికొచ్చి, "ఏమండీ, డాక్టరు ఏమన్నారంటే" అనేలోపు ఫోను మోగింది. చర్చిలో కీబోర్డు స్పీకరు తన చెవికేసి తిప్పారని సంఘంలోని టైలరు, క్వయిర్ లీడరుతో రగడ పెట్టుకున్నాడు. అయ్యగారు చెప్పులేసుకుని పరుగెత్తారు. మర్నాడు మళ్ళీ మొదలుపెడితే, "ఒక్క నిమిషం" అన్నారు. ఆ నిమిషం ఇప్పటికీ పూర్తి కాలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు. పరుగెత్తుతూ కూడా ఆయన గేటు బయట ఉన్న చెత్తబుట్టను లోపల పెట్టి వెళ్ళారు, ఆవిడ వంగనక్కర్లేకుండా. అమ్మగారు కిటికీలోంచి అది చూశారు. అందుకే ఆవిడకు కోపం రాలేదు, ఉపాయం తోచింది.

అయ్యగారి సమయం ఎలా దొరుకుతుంది? మనందరికీ దొరికినట్టే!

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన కోసం జనం వరసలో నిలబడతారు. అమ్మగారూ ముసుగు ముందుకు లాక్కుని టైలరు వెనక నిలబడ్డారు. కీబోర్డు హోరెత్తుతోంది. అయ్యగారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకునే ఉన్నారు. తల తరవాత తల చేతికిందికి వస్తోంది, పోతోంది. ఆవిడ తలా వచ్చింది.

"ఏం కష్టం తల్లీ?"

"కడుపులో రాళ్ళండీ. ఆపరేషన్ అన్నారు. భయంగా ఉంది."

"భయపడకు. మీ ఆయన తోడుంటాడు కదా?"

"ఆయనకి తీరికుండదండీ."

అయ్యగారి నొసలు ముడిపడింది. "అదేం మనిషమ్మా? భార్యకంటే పనులెక్కువా? నా దగ్గరికి పంపించు, నాలుగు చీవాట్లు పెడతాను."

"మీ దగ్గరే ఉంటారండీ ఎప్పుడూ. ఇంటికే రారు."

అయ్యగారు కళ్ళు తెరిచారు.

"నాకు చెప్పలేదేం?" అని గట్టిగా అనేశారు. కాలరుకు మైకు ఉందన్న సంగతి మరిచిపోయారు. హాలంతా వింది. కీబోర్డు ఆగిపోయింది.

"వెనక జనం ఉన్నారండీ," అన్నారు అమ్మగారు, "త్వరగా ప్రార్థన చేసెయ్యండి."

మన సంఘం ప్రేమగల సంఘం. వింటే ఊరుకుంటుందా? ఆపరేషన్ రోజు అందరం ఆసుపత్రికి తరలివెళ్ళాం. అయ్యగారు ఒకేచోట, ఏ పనీ లేకుండా, కుర్చీలో దొరకడం మళ్ళీ ఎప్పటికి! వరండాలో దానంతటదే వరస ఏర్పడింది. టైలరు స్పీకరు సంగతి తిరగదోడాడు. ఫ్రిజ్ సోదరుడు ఐసు గడ్డకట్టడం లేదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నర్సు తలుపు తీసి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అంటే అందరం చెయ్యెత్తాం. ఆవిడ నిట్టూర్చి తలుపేసుకుంది.

కాసేపటికి లోపలి నుంచి పాప వచ్చింది. "అయ్యగారూ" అని పిలిచింది. ఆయన తిరగలేదు. ఎలా తిరుగుతారు? చుట్టూ అందరిదీ అదే పిలుపు కదా. పాప ఇంకోసారి పిలిచింది. తరవాత ఆగి, మమ్మల్నందరినీ ఎగాదిగా చూసి, గొంతు పెంచింది.

"నాన్నా. అమ్మ లేచింది. నిన్నే అడుగుతోంది."

ఫ్రిజ్ సోదరుడి నెత్తిమీద చెయ్యి ఉన్నపళంగా లేచిపోయింది. ఆమెన్ కూడా అనలేదు! అంతమందిమి అంత గౌరవంగా పిలుస్తుంటే మా అందర్నీ వదిలేసి, గుప్పెడంత పిల్ల పిలిస్తే వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఫోను ఆపేశారు.

అప్పటి నుంచి మనవాళ్ళు ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. స్విచ్చాఫ్. ఇది సంఘం పట్ల ద్రోహం కాదా అని టైలరు నన్నడిగాడు. సంగతేమిటో చూద్దామని వార్డు తలుపు అద్దంలోంచి తొంగిచూశాను. మంచం పక్కన స్టూలు మీద అయ్యగారు. ఒళ్ళో పాప లెక్కల పుస్తకం. అమ్మగారు నీరసంగానే ఏదో చెబుతున్నారు. ఆ మొదలుపెట్టి ఆగిపోయిన మాటే అయ్యుంటుంది. ఆయన వింటున్నారు.

చెప్పుకోవడానికి మాటా ఉండి, వినడానికి మనిషీ ఉండటం ఎంతటి భాగ్యమో! నేను తలుపు దగ్గర్నుంచి వచ్చేశాను.

అయినా నా వాదన మారలేదు. ఫోను మోగుతూనే ఉండాలి. అది అయ్యగారిదే కానక్కర్లేదు. నాది ఎప్పుడూ ఖాళీయే. ఇంట్లో నేనొక్కణ్ణే. స్పీకరు తగాదాలు, ఐసు గడ్డకట్టని ఫ్రిజ్‌లు, ఏవైనా సరే, నాకు చెయ్యండి. భోంచేశారా అని ఆ పెద్దావిడ అడిగితే, అన్నం చల్లారేదాకా వింటాను.