నేస్తం వెనక్కి తీసుకున్న హంతకుడు

గుడ్డివాళ్ల సౌకర్యం కోసం మనిషి చేయగలిగిన పనులన్నీ మా సుండ్స్‌వాల్ పట్టణంలో ఎప్పుడో పూర్తయిపోయాయి. ఇప్పుడు జరుగుతున్నవన్నీ అంతకు మించినవి. (నేనూ గుడ్డివాణ్నే కాబట్టి ఆ మాట ధైర్యంగా వాడుతున్నాను. అధికారులు మమ్మల్ని ‘శ్రవణ ప్రధాన పాఠకులు’ అంటారు.)

ఈ ఘనకార్యాలన్నీ ప్రాంతీయ శ్రవణ గ్రంథాలయ సేవా కేంద్రానివి. నగర గ్రంథాలయం పై అంతస్తులో ఉంటుంది. గుమ్మం దాటగానే వరుస చీటీలిచ్చే యంత్రం. చీటీ మీద అంకె అచ్చయి వస్తుంది. ఎవరి వంతు వచ్చిందో గోడ మీద ఎర్రటి అంకెల్లో వెలుగుతుందట. మొదట్లో అంకె మారినప్పుడల్లా గంట మోగేది. ఆ మోతకు సిబ్బందికి తలనొప్పి వస్తోందని తేలాక గంట పీకేశారు. అప్పట్నించి వరుస నమ్మకం మీద నడుస్తోంది. ఎవరికి పిలుపు అందినట్టు అనిపిస్తే వాళ్లు లేచి వెళ్తారు.

కిందటి శరత్కాలంలో కేంద్రం మా పాత పుస్తక యంత్రాలను వెనక్కి తీసుకుంది. అవి రొట్టె దిమ్మంత ఉండేవి. చదివించడానికి మూడు మూలల మీట, ఆపడానికి గుండ్రటి మీట, వెనక్కి వెళ్లడానికి ఎడమవైపు మొన తిరిగిన మీట. ఉన్ని తొడుగులు వేసుకున్న చేత్తో కూడా నొక్కవచ్చు. అదే తప్పయిపోయింది. అంత పెద్ద మీటలున్న యంత్రం పక్కనుంటే మనిషికి చూపు లేదని ఇట్టే తెలిసిపోతోందనీ, అది పాఠకుడి గౌరవానికి భంగమనీ ఒక సంఘం నివేదిక ఇచ్చింది. బదులుగా అద్దం పలకలాంటి నున్నటి యంత్రం వచ్చింది. పేరు నేస్తం. దానికి మీటలుండవు. మనం మాట్లాడితే వింటుంది. నిద్ర లేపడానికి మాత్రం నీలం రంగు వలయాన్ని తాకాలి.

ఇక గున్‌వోర్ సెలండర్ సంగతి. బడి వంటశాలలో జీవితమంతా గరిటె తిప్పి, విశ్రాంతిగా పుస్తకాలు చదువుకుందామనుకునే వేళకు చూపు పోగొట్టుకున్న మనిషి. ఆమె పక్క వాటాలో ఉండే ఆల్గోట్ నీబ్లోమ్‌దీ అదే పరిస్థితి. ఆయన కాగితం మిల్లులో పనిచేశాడు. “దేశంలో సగం పుస్తకాలకి కాగితం నేనే చేశా. అప్పుడు చదివే తీరిక లేదు, ఇప్పుడు కళ్లు లేవు” అంటాడు, ఎదటివాళ్లు జాలిపడేలోగా నవ్వేస్తూ.

రోజూ మధ్యాహ్నం కాఫీ, యాలకుల బన్నులు పెట్టుకుని ఇద్దరూ గున్‌వోర్ వంటింట్లో ఒకే పుస్తకం వినేవారు. (నిజానికిది నేరం. ఒక అరువుకు రెండు చెవులని నియమం. నాలుగు చెవులైతే అది బహిరంగ ప్రదర్శన.) నేను అప్పుడప్పుడూ వెళ్లి నేర తీవ్రతను పెంచేవాణ్ని.

ఆ చలికాలం వాళ్లు వింటున్నది ఒక అపరాధ పరిశోధన నవల. పులియబెట్టిన హెర్రింగ్ చేపల కర్మాగారం యజమాని తన పీపాల్లోనే ఒకదానిలో శవమై తేలతాడు. ఆ వాసనలో ఈ వాసన కలిసిపోవడంతో చాలా రోజులు ఎవరికీ అనుమానం రాదు. భార్య మీద, బావమరిది మీద, ఊరి పాస్టర్ మీద అనుమానం తిరుగుతూ ఉంటుంది. ఆల్గోట్ మొదట్నించీ పాస్టర్నే పట్టుకున్నాడు.

“మరీ అంత మెత్తగా మాట్లాడేవాణ్ని నమ్మకూడదు” అనేవాడు.

“నువ్వు చర్చికి వెళ్లక ఎన్నేళ్లయిందయ్యా?”

“అందుకే కదా నేను బతికున్నాను.”

చివరి అధ్యాయం మిగిలి ఉండగా ఆల్గోట్ గుండె కవాటం మొరాయించింది. ఆసుపత్రిలో చేర్చుకుని, మర్నాడు పొద్దున్నే ఛాతీ తెరుస్తామన్నారు. ఆ మధ్యాహ్నం గున్‌వోర్ నేస్తాన్ని సంచీలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లింది.

“ఏమయ్యా, భయంగా ఉందా?” అని అడిగింది.

“భయమెందుకు? మత్తిస్తారు, పడుకుంటాను. లేస్తే లేస్తాను” అన్నాడు ఆల్గోట్. తర్వాత, “ఎవడు చంపాడో తెలియకుండా పోతానేమోనని మాత్రం ఉంది” అన్నాడు. ఆ మాటలో హాస్యం ఎంతో భయం ఎంతో నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు అలా చిన్నదవడం అంతకుముందెప్పుడూ వినలేదు.

దారిన పోతున్న నర్సుచేత నీలం వలయాన్ని తాకించాం. నేస్తం లేచింది.

“మీ పుస్తకం గడువు ముగుస్తోంది. పొడిగించాలంటే ‘అవును’ అనండి” అంది, పట్టులాంటి గొంతుతో.

గున్‌వోర్ పుట్టింది ఉత్తరాన లిక్‌సెలే దగ్గర. అక్కడివాళ్లు అవును అనరు. పెదవులు ముడిచి చటుక్కున గాలి లోపలికి పీలుస్తారు. ‘ష్హుప్’ అని చిన్న చప్పుడు. చలికి నోరు తెరవకుండా ఒప్పుకునే పద్ధతి అది. గున్‌వోర్ పెళ్లిలో పాస్టర్ అడిగినప్పుడు కూడా అదే చేసింది. పెళ్లి చెల్లింది.

“ష్హుప్” అంది గున్‌వోర్.

“సమాధానం వినబడలేదు. దయచేసి ‘అవును’ అనండి.”

“ష్హుప్!”

“అవునను గున్‌వోర్!” అన్నాడు ఆల్గోట్ మంచం మీంచి లేవబోతూ.

“అన్నాను కదయ్యా! రెండుసార్లన్నాను!”

“మీ నిర్ణయానికి ధన్యవాదాలు. పుస్తకం తిరిగి ఇచ్చేశాం. శుభదినం” అంది నేస్తం.

“అవును! అవును! అవునే, దిక్కుమాలినదానా!” అని గున్‌వోర్ వార్డంతా వినబడేలా అరిచింది. నేస్తం అప్పటికే నిద్రపోయింది. పక్క మంచం రోగి మాత్రం ఉలిక్కిపడి, ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు.

ఇద్దరం బస్సెక్కి సేవా కేంద్రానికి వెళ్లాం. చీటీలు తీసుకున్నాం. పిలుపు అందినట్టు గున్‌వోర్‌కు వెంటనే అనిపించింది. బల్లకవతల ఉన్నది హిల్లెవీ స్టోల్నాకె, శ్రోతృ అనుభవ సమన్వయాధికారిణి. చాలా మంచి మనిషి. ఆ కేంద్రంలో అందరూ మంచివాళ్లే, అదే మా కష్టం.

జరిగిందంతా విని ఆవిడ నొచ్చుకుంది. “నేస్తానికి చాలా భాషలు వచ్చమ్మా. కానీ గాలి పీల్చడం భాష కిందికి రాదు. ఆ దస్త్రం ఇప్పుడు వరుసలో తర్వాతివాళ్లకి వెళ్లిపోయింది.”

“వెళ్లిపోవడానికి అదేమన్నా సైకిలా? మీ దగ్గర లేదూ?”

“సాంకేతికంగా ఇక్కడే ఉంది. చట్టరీత్యా ఎస్టర్‌సుండ్ పట్టణంలో ఉంది. మీ వంతు మళ్లీ వసంతంలో వస్తుంది.”

“రేపు పొద్దున ఆయన ఛాతీ కోస్తున్నారమ్మా!”

“అయ్యో. ఆపరేషన్‌ని వసంతానికి మార్చడానికి వీలవుతుందేమో అడిగారా?”

“మీరా పుస్తకం చదివారా?” అంది గున్‌వోర్.

“చదివానమ్మా. ఎంత బాగుందో.”

“హంతకుడెవరు?”

“చెప్పకూడదమ్మా. చూపున్న పాఠకులకి చెప్పం కదా. మీకు మాత్రం చెబితే అది వివక్ష అవుతుంది.” తర్వాత ఆవిడ గొంతు ఉత్సాహంగా మారింది. “బ్రెయిలీలో పంపగలను! సంపుటాలుగా వస్తుంది. ఒకటి తిరిగి పంపాక ఇంకొకటి.”

“నాకు చివరిదొక్కటి చాలు.”

“చివరిది ముందిస్తే మీకు ముగింపు తెలిసిపోతుంది కదమ్మా.”

కింది అంతస్తుకు దిగాం. అదే నవల అచ్చు ప్రతి అక్కడ అరలోనే ఉందని బల్ల దగ్గరి కుర్రాడు చెప్పాడు. గున్‌వోర్ కార్డు చూసి మాత్రం నసిగాడు. “ఈ కార్డు మీద అచ్చు పుస్తకం ఇవ్వలేనండీ. మీరు చదవలేరని మా దగ్గర నమోదై ఉంది.”

“నేను చదవను బాబూ. ఆసుపత్రిలో ఎవరిచేతనైనా చదివించుకుంటాం.”

“అలాగైతే అది శ్రవణ పుస్తకం అవుతుందండీ. శ్రవణ పుస్తకాలు పై అంతస్తులో.”

మా వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. మసి వాసన గుప్పుమంది. పొగగొట్టాలు ఊడ్చే మనిషి. పేరు స్టెలాన్ అని తర్వాత తెలిసింది.

“నా కార్డు మీద ఇచ్చెయ్యి తమ్ముడూ. నాకు చదువొచ్చో రాదో మీ దగ్గర నమోదైనట్టు లేదు” అన్నాడతను. పుస్తకం చేతికి రాగానే, “ఎక్కడిదాకా విన్నారు పెద్దమ్మా?” అని అడిగాడు.

“పరిశోధకుడు అందర్నీ ఉప్పు గోదాములోకి రమ్మన్నాడు.”

సరైన చోటేనో కాదో చూడ్డానికి స్టెలాన్ నాలుగు వాక్యాలు పైకి చదివాడు. మంచి గొంతు. పొగగొట్టాల్లో అరిచి అరిచి తేరింది. వెంటనే కాపలాదారు వచ్చి, గ్రంథాలయంలో పుస్తకాలు చదవకూడదన్నాడు. (పైకి, అని తర్వాత సర్దుకున్నాడు.)

“మీకు ఇంకేదన్నా పనుందా నాయనా?” అని గున్‌వోర్ అడిగింది.

“ఉంది. ఒక బేకరీ పొగగొట్టం. అది ఇన్నాళ్లూ మసితోనే ఉంది, ఇంకో పూట ఉంటుంది. పదండి.”

బస్సులో అతను గొంతు సవరించుకుని ఆ అధ్యాయం మొదలుపెట్టాడు. ముందు సీట్లవాళ్లు మాటలాపారు. తర్వాత వెనక సీట్లవాళ్లు. డ్రైవరు రేడియో కట్టేశాడు. కాసేపటికి ఆగే చోట్లు చెప్పే గొంతును కూడా ఆపేశాడు, కథకు అడ్డొస్తోందని. దాంతో కొందరు తాము దిగాల్సిన చోటు దాటిపోయి ఎక్కడున్నామో తెలియక తికమకపడ్డారు. (మాకది రోజూ ఉన్నదే.) పరిశోధకుడు గోదాము తలుపు మూసి, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అనగానే గున్‌వోర్ తడిమి పుస్తకాన్ని టప్పున మూసేసింది.

“చాలు. మిగతాది ఆల్గోట్ ముందే.”

బస్సంతా హోరుమంది. “ఇదన్యాయం పెద్దమ్మా!” అంది ఒకావిడ. “ఆ ఆల్గోట్ ఎక్కడుంటాడు?” అన్నాడు ఇంకొకాయన.

ఆసుపత్రి దగ్గర మాతోపాటు దిగిన అడుగుల చప్పుడు నేను లెక్కపెట్టలేకపోయాను. వార్డు గుమ్మంలో నర్సు అడ్డుపడింది. రోగికి ఇద్దరు బంధువులను మించి రాకూడదంది. గున్‌వోర్ వెంటనే, “వీళ్లు బంధువులు కారమ్మా, సాక్షులు” అంది. నర్సుకు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆవిడ తలుపు బార్లా తెరిచి, వసారాలో గొడవ చేయకుండా నిలబడాలని మాత్రం షరతు పెట్టింది. తనూ అక్కడే నిలబడింది.

స్టెలాన్ మంచం పక్కన కూర్చుని ఆ అధ్యాయం మొదట్నించీ చదివాడు. భార్య నిర్దోషి. బావమరిది పిరికివాడు. పాస్టర్ నిజంగానే మెత్తటివాడు. చంపింది ఆ కర్మాగారంలో పీపాల వాసన చూసి సరుకు పక్వానికి వచ్చిందో లేదో చెప్పే ఉద్యోగి. తేడా పసిగట్టగలిగిన ముక్కు అతనొక్కడిదే. అతనే అన్ని రోజులూ, వాసన బాగానే ఉందని చెబుతూ వచ్చాడు.

వసారాలో ఎవరో, “అబ్బ!” అన్నారు.

“నేను ముందే అన్నాను” అన్నాడు ఆల్గోట్.

“పాస్టర్ అన్నావు!”

“మనిషి తప్పాడు గానీ ఊరు అదేగా.” అందరూ నవ్వారు. జనం వెళ్లిపోయాక ఆయన గున్‌వోర్ చేతిని తడిమి పట్టుకున్నాడని దుప్పటి కదలిన చప్పుడు బట్టి అనుకున్నాను. “ఇంక కోసుకోమను” అన్నాడు నెమ్మదిగా. ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. స్పృహ రాగానే ఆల్గోట్ అడిగిన మొదటి ప్రశ్న, ఆ వాసన చూసేవాడికి శిక్ష ఎంత పడిందని. అది నవలలో లేదు. ఆయనకిప్పటికీ ఆ అసంతృప్తి ఉంది.

సేవా కేంద్రం ఈ సంఘటనను చాలా తీవ్రంగా తీసుకుంది. విచారణ సంఘం వేసింది. ఉత్తరాదివారి గాలి పీల్పును యంత్రానికి నేర్పడం ఖర్చుతో కూడిన పని అని సంఘం గమనించింది. గడువును కొన్నాళ్లు పెంచడం పరిపాలనాపరంగా సంక్లిష్టమని కూడా గమనించింది. అసలు ఇబ్బందికి మూలం పాఠకులు ముగింపుల మీద అతిగా ఆధారపడటమేననీ, వయసు పైబడిన కొద్దీ ఆ అలవాటు ముదురుతుందనీ తేల్చింది. ఇకపై ఎనభై నిండినవారికి మధ్యలో ఆగిపోతుందన్న బెంగ లేకుండా చిన్న కథలు మాత్రమే ఇస్తారు. ఈ శుభవార్త చెప్పడానికి హిల్లెవీ స్టోల్నాకె స్వయంగా అందరికీ ఫోన్ చేసింది. ఎనభై ఎప్పుడో దాటిన ఆల్గోట్‌కు ఆ వారమే ఒక కుక్కపిల్ల కథ వచ్చింది. కాఫీ చల్లారేలోగా అయిపోయింది.

గున్‌వోర్‌కు ఫిబ్రవరిలో ఎనభై నిండుతాయి. అందుకని కేంద్రం దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పొడుగాటి నవల కోసం పేరు నమోదు చేయించుకుంది. మార్చిలో తప్పకుండా ఇస్తామన్నారు.