డాక్టర్ మొంజీ గారి ధ్రువీకరణ పత్రం

రాజ్యాంగ సవరణ విషయంలో జాతికి దారి చూపే మహత్తర బాధ్యతను రాజనీతిశాస్త్ర ఆచార్యులు డాక్టర్ మొంజీ జర్బూయి గారికి అప్పగించినట్టు ట్యూనిస్ పత్రికలన్నీ మొదటి పేజీలో ప్రకటించాయి. అధ్యక్షుడు మూడోసారి పోటీ చేయవచ్చా అన్నది ప్రశ్న. చేయవచ్చన్నది జవాబు. రెండింటి మధ్యా నూట ఇరవై పేజీల శాస్త్రం నింపాలి. అది డాక్టర్ గారి పని.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఏ ప్రభుత్వాన్నీ నొప్పించలేదు. ఒకే పార్టీ ఉన్న రోజుల్లో ఒకటే ఎందుకు మంచిదో బోధించారు. పది పార్టీలొచ్చాక పది ఎందుకు మంచివో అవే నోట్సుతో బోధించారు. వయసులో ఉండగా మాత్రం ఒక్క పొరపాటు చేశారు. 'రెండు పర్యాయాలు చాలు' అని పుస్తకం రాశారు. ప్రొఫెసర్ హోదా దానికే వచ్చింది. ఆ తర్వాత దాన్నెవరూ చదవలేదు, ఆయనతో సహా.

ఆ మే నెలలో ఎమ్నా అనే విద్యార్థిని పీహెచ్‌డీ వైవా జరిగింది. పొద్దున బిజెర్త్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యాహ్నం షేర్ టాక్సీలో ఇరుక్కుని వచ్చి, ఆరేళ్లు రాసింది ఆ థీసిస్. ముందు వరసలో సవరణ పని చూసే మంత్రి గారి కార్యదర్శి లజ్హర్ కూర్చున్నాడు.

పరీక్షకుడి కుర్చీలో డాక్టర్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "నూట పన్నెండో పేజీ. 'మూడోసారి అడిగినవాడు నాలుగోసారి అడగడు, ఉండిపోతాడు.' ఏ తలమాసినవాడమ్మా ఈ మాట రాసింది?"

ఎమ్నా సంచిలో చెయ్యి పెట్టింది. "మీరే సార్."

"ఏమన్నావ్?"

"పుస్తకం తెచ్చాను సార్. అట్ట మీద ఫొటో కూడా ఉంది. జుట్టుంది గానీ, మీరే."

లజ్హర్ పుస్తకం అందుకుని అట్టనూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "సీ మొంజీ," అన్నాడు అక్కడి 'గారు' చేర్చి, "ఇది మీరేనా?"

డాక్టర్ గారు కళ్లద్దాలు తీసేశారు. "పేరు కలిస్తే సరిపోతుందా? ఊళ్లో జర్బూయిలు వందమంది!"

"మరి ఫొటో?"

"ప్రెస్సు వాళ్ల తప్పు."

"అయితే రాసివ్వండి."

రాసిచ్చారు. 'ఈ గ్రంథకర్తకూ నాకూ ఎలాంటి సంబంధమూ లేదు.' కింద సంతకం, యూనివర్సిటీ ముద్ర. అంతుపత్తా లేని మనిషి మాటలు ఉదహరించినందుకు ఎమ్నా థీసిస్ తిరగ్గొట్టారు.

"ఆ పుస్తకం చదివే నేనీ సబ్జెక్టులో చేరాను సార్," అంది ఆ పిల్ల కాగితాలు ఏరుకుంటూ.

అది శాస్త్రీయమైన మాట కాదు గనుక డాక్టర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు.

మూడు వారాల తర్వాత అప్పులిచ్చే యూరప్ ప్రతినిధులు వచ్చి వెళ్లారు. మర్నాడే లజ్హర్ ఫోన్ చేశాడు.

"సీ మొంజీ! రెండు పర్యాయాలు చాలని అధ్యక్షుల వారు మొదట్నించీ అంటున్నారట. ఆ పుస్తకం రాసినాయన కావాలి. రాజ్యాంగ మండలికి అధిపతిని చేస్తారు, కారు, సముద్రం పక్కన ఇల్లు. ఎక్కడుంటాడో తెలుసా?"

"నేనే!"

"భలేవారే. కాదని మీ సంతకం నా ఫైల్లో ఉంది."

"అప్పుడు వినయం కొద్దీ అన్నాను..."

"వినయానికి ముద్ర వేయరు సీ మొంజీ."

డాక్టర్ గారు ఎమ్నాకి ఫోన్ చేశారు. "పుస్తకం నాదేనని ఒక్క మాట చెప్పమ్మా."

"ఒకసారి చెప్పి చూశాను గదా సార్," అని పెట్టేసింది.

గ్రంథకర్తగా తనను గుర్తించాలని యూనివర్సిటీకి అర్జీ పెట్టుకున్నారు. డీన్ రఫ్లా గారు వెంటనే విచారణ సంఘం వేశారు. ఆవిడ ప్రమోషన్‌ను డాక్టర్ గారు పదకొండేళ్లు ఆపిన మాట సంఘం పరిశీలనకు రాలేదు. గ్రంథకర్త ఉన్న మాట నిజమేననీ, అర్జీదారు ఆయన కాడని ముద్ర వేసిన రుజువుందనీ, మరెవరూ ముందుకు రాలేదు గనుక ఆయన చనిపోయి ఉంటాడనీ తేల్చారు. ఆ లెక్కన ఎమ్నాకి డిగ్రీ ఇచ్చేశారు. ప్రభుత్వ లాంఛనాలతో సంస్మరణ సభ పెట్టమని మంత్రి గారు ఆదేశించారు.

"ఆయన మీద సాధికారంగా మాట్లాడగలిగింది మీరొక్కరే," అన్నారు డీన్ గారు.

హాలు కిక్కిరిసిపోయింది. డాక్టర్ గారు మైకు ముందుకొచ్చి నోరు తెరిచారు. మంత్రి గారు గడియారం చూసుకున్నారు.

"ఆయన్ను నేను బాగా ఎరుగుదును," అన్నారు డాక్టర్ గారు. "అన్నమాట మీద చివరిదాకా నిలబడ్డ మనిషి."

నలభై నిమిషాలు మాట్లాడారు. చివర్లో నిజంగానే ఏడ్చారు. మంత్రి గారు లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు.

"అల్లా ఓర్పునివ్వాలి," అన్నారు. "దగ్గరివారా?"