డిసెంబరం చెట్టుకు దీపావళి గుండు

డిసెంబరం పూలచెట్టు పెంచడంలో అసలు మజా అది పూయకుండా చూసుకోవడంలోనే ఉంది. నవ్వకండి! మూడేళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

ఉప్పుగూడలో మా ఇంటి గేటు పక్కన నడుమెత్తు పొద ఒకటుంది. ఎండాకాలమంతా బియ్యం కడిగిన నీళ్ళు పోసి సాకేది నేను. దసరా దాటగానే కొమ్మకొమ్మకూ మొగ్గ తొడుగుతుంది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో దీపావళి సఫాయి మొదలవుతుంది. మాది కొట్టు నడిపే కుటుంబం. లక్ష్మీపూజ నాటికి బూజు, తుప్పు, పాత అట్టపెట్టెలు ఏవీ మిగలకూడదు. ఆ జాబితాలోకి నా చెట్టు కూడా ఎక్కింది.

కత్తెర మా వారు రామ్‌చందర్ గారిది. మంచు కురిసే దేశంలో ఎవరో దొర చేసిన వీడియో చూసి, చలికాలం రాకముందే చెట్లు కత్తిరించాలని తేల్చుకున్నారు. ఉప్పుగూడలో మంచు ఎప్పుడు పడిందంటారా? నేనూ అదే అడిగాను.

"పడ్తదా పడదా అని చూసుకుంట కూసుంటే ఎట్లనే? ముందుజాగ్రత్త ఉండాలె!"

అరగంటలో పొద లడ్డూ అయింది. మొగ్గలన్నీ చెత్త ఆటో ఎక్కాయి.

నేను బి.ఎస్సీ. బాటనీ, ఫస్ట్ క్లాస్. సర్టిఫికెట్ బీరువాలో భద్రంగా ఉంది. కాబట్టి కత్తెర విషయంలో నా సలహా ఎవరికీ అవసరం పడలేదు.

లాభాలు చూడండి! పూలు లేవు గనుక తేనెటీగల లొల్లి లేదు. సీతాకోకచిలుకలు వాకిట్లో తచ్చాడుతూ తోవకు అడ్డం పడవు. తేనెపిట్ట పొద్దున్నే కిచకిచలాడి నిద్ర లేపదు. ఆ డ్యూటీ వీధిలో నీళ్ళ మోటార్లు చేస్తున్నాయి కదా! వాకిలి ఎంత నీట్‌గా ఉంటుందంటే, చీమ కూడా మొహమాటపడి పక్కింటికి పోతుంది. పూలే కావాలంటే జల్‌పల్లి నుంచి ఆగమ్మ గంపతో రానే వస్తుంది.

ఆ ఆగమ్మే పోయినేడు గేటు దగ్గర గంప దించి, లడ్డూను చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏందమ్మా, నిండు చూలాలికి గుండు కొట్టిచ్చిండ్రా? పూత అయినంక కొయ్యాలె గని, మొగ్గల మీద కత్తెర పెడ్తరా ఎవలన్న?"

"సారు వీడియో చూసిండు, ఆగమ్మా."

"గా వీడియోల ఉన్న ఆయన ఇంట్ల ఏం పూస్తయో జర అడుగుండ్రి!"

నేను అడగలేదు. చెత్త ఆటో వచ్చేలోగా నాలుగు కొమ్మలు ఏరి, పగిలిన కూలర్ తొట్టిలో మట్టి నింపి గుచ్చాను. తొట్టిని డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక పెట్టాను. మా ఇంట్లో ఇంతకన్నా సురక్షితమైన చోటు లేదు. ట్యాంకు నిండిందా, పాచి పట్టిందా అని మెట్లెక్కేది నేనొక్కదాన్నే!

ఈ ఏడూ గేటు పక్క పొదకు గుండు యథావిధిగా అయింది. డాబా మీద మాత్రం తొట్టి నిండా ఊదా పూలు. తేనెటీగలు పొద్దున్నుంచీ జుమ్మంటూ పనిలో ఉంటాయి. తేనెపిట్టలు జంటగా వచ్చి, వేలెడంత లేకపోయినా, బట్టలారేసే నన్ను అదిలిస్తాయి.

మొన్న ఆదివారం టీ తాగుతూ మా వారు చెవులు రిక్కించారు.

"పిట్టలొచ్చినయే! చూసినవా, కటింగ్ మంచిగుంటే గిట్లనే వస్తయ్. పైనున్నయా? ఆడ గూడ చెట్టున్నదా? జర షేప్ చేసొస్త."

కత్తెర మేకు మీద నుంచి దిగింది. నేను ట్యాంకు కడిగే బ్రష్ అందుకున్నాను.

"రండి, రండి! ట్యాంకు కడగాలె. మీరు గూడ ఒక చెయ్యేస్తే బువ్వ యాళ్ళకు అయిపోతది. బ్రష్ ఇయ్యాల్నా?"

కత్తెర తిరిగి మేకెక్కింది.

"మోకాలు జర పట్టేసిందే" అన్నారాయన.

పాఠకులారా, ఆ మోకాలికి రోజూ నువ్వుల నూనె రాస్తున్నాను. చాలా మెల్లగా. తొందరేం లేదు. ఫిబ్రవరికి పూత అయిపోతుంది, కొమ్మలు నేనే కోసుకుంటాను. ఆ తర్వాత నయమైనా పర్లేదు.