రేకుల ఫ్యాక్టరీ మీద నూకాలమ్మ కేసు

ఒక పెద్ద అడవిలో వానొస్తే తడవని జంతువు లేదు. అది చూసి ఓ తోడేలు కొండ పక్కన ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీ పెట్టింది. కొండలోంచి రాయి తవ్వడం, దాన్ని దూదిలా ఏకడం, ఆ రాతినారని సిమెంటులో కలిపి రేకులు పోయడం. గుహకో రేకు, బొరియకో రేకు అమ్మింది. అడవి అడవంతా తోడేలుని దొరగారూ అనడం మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీలో ఎటు చూసినా తెల్లటి దుమ్మే. పనివాళ్ల ముక్కుల్లో దుమ్ము, మేతలో దుమ్ము. తోడేలు మాత్రం తలుపులు బిగించిన అద్దాల గదిలో కూర్చుని, "దాన్ని దుమ్మనకండర్రా, మన అడవి అభివృద్ధి అది!" అనేది.

అక్కడ బస్తాలు మోసే గాడిద పేరు అప్పలకొండ. అది ఓండ్ర పెడితే అవతలి కొండ మీద మేకలు మేత ఆపి చూసేవి. ఊడ్చే పని తాబేలు నూకాలమ్మది. ఒక మూల ఊడ్చి రెండో మూలకి చేరేలోపు మొదటి మూల మళ్లీ తెల్లబడి ఉండేది.

కొన్నేళ్లు గడిచేసరికి అప్పలకొండ ఓండ్ర కాస్తా ఈల అయిపోయింది.

"నూకాలత్తా, గుండెల మీద ఎవరో ఎక్కి కూచున్నట్టుంది. నాలుగడుగులేస్తే ఊపిరి అందట్లేదు," అంది.

"నాకూ అంతేరా. పైన చిప్ప ఉండబట్టి ఎవరికీ తెలీట్లేదు," అంది నూకాలమ్మ.

అప్పలకొండ కంపెనీ డాక్టరైన కొంగ దగ్గరికి వెళ్లింది. కొంగ ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, గాడిద రొమ్ము మీద చెవి పెట్టింది.

"చుట్టలు కాలుస్తావా?"

"గడ్డి తింటానండి. కాల్చను."

"మీ నాన్న ఏంటి?"

"ఆయనా గాడిదేనండి."

"అదీ సంగతి! వంశపారంపర్యం," అని కొంగ చీటీ రాసి ఇచ్చింది.

అప్పటికే ఫ్యాక్టరీలో పనిచేసిన ముంగిసలు, మేకలు ఒక్కొక్కటే రొప్పి రొప్పి పోతున్నాయి. మిగిలినవన్నీ కూడబలుక్కుని, తమ జబ్బుకి కంపెనీయే నష్టపరిహారం ఇవ్వాలని అడవి కోర్టులో కేసు వేశాయి. తోడేలు వెంటనే తన వకీలు పునుగుపిల్లిని పిలిపించింది. దాని పేరు పరిమళరావు. ఎక్కడికెళ్లినా ముందు వాసన వెళ్లేది, ఆ తర్వాత అది వెళ్లేది.

"వాళ్లు గెలుస్తారంటావా?" అంది తోడేలు.

"గెలుస్తారు దొరగారూ. దుమ్ము మనది, జబ్బు ఆ దుమ్ముది. అందులో నాకే అనుమానం లేదు."

"మరి నీకు ఫీజు దేనికయ్యా?"

"వాయిదాలకి. చట్టంలో ఓ మంచి ముక్క ఉంది. తీర్పు రోజుకి బతికి ఉన్నవాళ్లకే పరిహారం. వాళ్ల దగ్గర ఊపిరి తక్కువ, మన దగ్గర వాయిదాలు ఎక్కువ."

తోడేలు మురిసిపోయి పరిమళరావు గుహకి ఉచితంగా కొత్త రేకు వేయించింది.

మొదటి వాయిదాకి వకీలుకి జ్వరం. తర్వాతి వాయిదాకి, ఆ దుమ్ము ఈ ఫ్యాక్టరీదేనని రుజువేమిటంది. జంతువులు దుమ్ము తెచ్చి చూపిస్తే, గాలిని కూడా ప్రతివాదిగా చేర్చాలంది. గాలికి నోటీసు పంపారు. అది తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఎట్టకేలకు అప్పలకొండని బోనెక్కించారు. న్యాయమూర్తి అడవిదున్న చెవి ముందుకు వంచింది.

"గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

"అదేనండీ... నా జబ్బు," అని గాడిద ఈల వేసినట్టు అంది.

"వినపడనిది ఎలా రాసుకుంటాం? వాయిదా!"

ఆ ఏడు వానలు పడకముందే అప్పలకొండ పోయింది. అంత బరువులు మోసిన ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో అనుకున్నాయి, పాడె మోసినవి. దాని పెళ్లాం సన్యాసమ్మ పిల్లల్ని పక్కన పెట్టుకుని రాయిలా కూచుంది. నూకాలమ్మ వెళ్లి పక్కన కూలబడింది.

"వాయిదాకి నేను వెళ్తానే," అంది.

"ఈ ఆయాసంతోనా? కోర్టు అడవికి ఆ చివరుంది పిన్నీ. నువ్వు చేరేదెప్పుడు?"

"వాళ్లకీ తొందరేం లేదు కదమ్మా," అని నూకాలమ్మ బయల్దేరింది.

ఏళ్లు గడిచాయి. అడవిదున్న రిటైరై వేరే దున్న వచ్చింది. తోడేలు మూతి నెరిసింది. కేసు వేసినవి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒకరోజు పరిమళరావు కోర్టులో లేచి, కళ్లు తుడుచుకుంది.

"అయ్యా, వాదులంతా స్వర్గస్థులయ్యారు. ఒక్కరు, కనీసం ఒక్కరు బతికున్నా మా దొరగారు అడిగినంతా కళ్లకద్దుకుని ఇచ్చేవారు. ఆయన మనసు అలాంటిది. ఏం చేస్తాం, ఎవరూ లేరే! కేసు మూసేయండి."

"నేనున్నాను బాబూ," అని గుమ్మం దగ్గర దగ్గుతో ఓ గొంతు వినిపించింది.

నూకాలమ్మ గడప దాటుతోంది. "ఎప్పటి వాయిదాకో బయల్దేరాను. ఈ వాయిదాకి అందుకున్నాను."

కోర్టు చూరు మీద పత్రికల కాకులు గోల గోల చేశాయి. పరిమళరావు మాట అప్పటికే కాగితం మీదికి ఎక్కిపోయింది. న్యాయమూర్తికి ఇక తప్పలేదు.

"పరిహారం ఇవ్వాల్సిందే. ఒకేసారి నూరు బండ్ల మేత ఇస్తారా, బతికినన్నాళ్లు నెలకి పది బండ్లు ఇస్తారా? కంపెనీయే తేల్చుకోవచ్చు."

తోడేలు పరుగున కొంగని పిలిపించింది. కొంగ చిప్ప మీద చెవి ఆనించి ఒక చప్పుడు వింది. రెండో చప్పుడు కోసం ఎదురుచూస్తూ కునుకు తీసింది. లేచి తోడేలుని పక్కకి లాగింది.

"గుండె దాదాపు ఆగిపోయింది దొరగారూ. ఊపిరి అప్పుడప్పుడూ వస్తోంది. వారం దాటదు."

అన్నేళ్ల ఉద్యోగంలో ఒక కార్మికురాలికి జబ్బుందని కొంగ ఒప్పుకోవడం అదే మొదలు.

"నెలకి పది బండ్లు! ఆమె బతికినన్నాళ్లూ!" అని తోడేలు కాకులకి వినపడేలా అరిచింది. నూకాలమ్మ మెడలో దండ వేసి ఫొటో దిగింది.

వారం దాటింది. ఏడాది దాటింది. పది బండ్లూ నెలనెలా వచ్చేవి. నూకాలమ్మ తినేది గుప్పెడు. మిగతాది సన్యాసమ్మ ఇంటికీ, పోయిన మేకల, ముంగిసల ఇళ్లకీ పంపేసేది.

తోడేలు కొంగ మీద విరుచుకుపడింది. "వారమన్నావు కదయ్యా!"

"ఏ వారమో చెప్పలేదు కదండీ," అంది కొంగ.

ఉండబట్టలేక తోడేలు పళ్లు పట్టుకుని స్వయంగా పరామర్శకి వెళ్లింది.

"ఎలా ఉంది మామ్మా ఒంట్లో?"

"ఏం బాగు బాబూ, నీ దుమ్ము లోపలే ఉంది. రెండు మాటలాడితే ఆయాసం. మా అమ్మ ఒకటే దిగులు పడుతోంది."

తోడేలు చేతిలో పళ్లు కింద పడ్డాయి. "మీ అమ్మ... ఉందా?"

"ఉంది. ఇప్పుడే మా అమ్మమ్మని చూడ్డానికి వెళ్లింది."

తోడేలు అటు నుంచి అటే కోర్టుకి పరిగెత్తి, ఈ తీర్పు రద్దు చేయమని మొరపెట్టుకుంది. న్యాయమూర్తి దాని గోడు ఓపిగ్గా విని, వచ్చే ఏటికి వాయిదా వేసింది.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, న్యాయం ఎప్పటికైనా జరిగి తీరుతుంది. కాకపోతే మనం తాబేళ్లుగా పుట్టాలి.