మన పళ్ళు అద్దెకు

ఆ రోజు పొద్దున సైకిల్ మేస్త్రి వేసుకున్న పథకం చిన్నది. పంక్చరైన ట్యూబులకు అతుకులు వేయాలి. ఒక చక్రం వంకర తీయాలి. మధ్యలో బావమరిది వస్తే, ఫోనులో అతను చూపించిన చోట వేలితో నొక్కాలి. సంగతి భార్యకు సాయంత్రం చెప్పాలి. ఎలా చెప్పాలన్నది మాత్రం పథకంలో లేదు.

అద్దెకు ఇస్తున్నది ఇల్లూ కాదు, గదీ కాదు. పేరు. భార్య వీధి మలుపులో పళ్ళ కొట్టు పెట్టినప్పుడు, ఇంటర్నెట్టులో కూడా దానికొక చిరునామా ఉండాలని ముచ్చటపడి, ‘మనపళ్ళు’ అనే డొమైన్ పేరును మేస్త్రి కొన్నాడు. పేజీలో ద్రాక్ష గుత్తి బొమ్మ, ఆమె ఫోన్ నంబరు పెట్టించాడు. బేరం బాగానే సాగింది. నిరుడు పై అరలోని నారింజల కోసం స్టూలెక్కి ఆమె కిందపడింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. కొట్టు షట్టర్ దిగింది.

“ఇన్నాళ్ళయ్యాక ఎవరొస్తారండీ? జనం నన్ను ఎప్పుడో మరిచిపోయుంటారు” అనేది. మేస్త్రి మాటకు మాట చెప్పే మనిషి కాదు. లేచి వెళ్ళి కొట్టు తాళంలో రెండు చుక్కల నూనె వేసి వచ్చేవాడు.

బావమరిది ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. వచ్చీ రాగానే మొదలుపెట్టాడు. “తాళం వేసిన ఇల్లు బూజు పడుతుంది బావా. పేరూ అంతే. అడుగుతున్నావిడ ఒక డాక్టరమ్మ, ఏడాదికి ఇచ్చెయ్.”

“డాక్టరమ్మకు మన పళ్ళెందుకురా?”

“ఆవిడ పళ్ళ డాక్టరు బావా.”

మేస్త్రి నాలుకతో తన పళ్ళు ఒకసారి తడుముకున్నాడు. “ఓహో, ఆ పళ్ళా!”

“మరి అక్క?”

“కొట్టు మాటెత్తితే ముఖం తిప్పుకుంటోంది. కళ్ళ ముందు లేకపోతేనే నయం” అన్నాడు మేస్త్రి. అంత పొడుగు మాట అతను ఆ నెలలో మాట్లాడలేదు. వేలికి అంటిన గ్రీజు తుడుచుకుని చూపించిన చోట నొక్కాడు.

బావమరిది చురుకైనవాడు. కొత్త పేజీ మొదటినుంచి కట్టడం ఎందుకని, అక్క పేజీలోనే ద్రాక్ష గుత్తి తీసేసి నవ్వుతున్న నోరు పెట్టాడు. డాక్టరమ్మ వీధి, గది వివరాలు చేర్చాడు. కింద ఉన్న ‘ఏ రోజుకారోజు తాజా పళ్ళు. నచ్చకపోతే మార్చి ఇస్తాం’ అన్న మాట ఆవిడకూ పనికొస్తుందని వదిలేశాడు. ఆ కిందనున్న ఫోన్ నంబరును మాత్రం చూడనే లేదు.

మేస్త్రి ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తుండగా, కిటికీ అవతల భార్య ఫోను మోగింది.

“మనపళ్ళేనా అమ్మా?”

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో, ఆమె సర్దుకుని కూర్చుంది. “ఆ... మనపళ్ళే. చెప్పండి.”

“వెనకవి రెండు పుచ్చిపోయాయమ్మా. పైకి నిగనిగలాడుతున్నాయి, లోపలే పాడు.”

“ఎప్పటివండీ?”

“ఎప్పటివంటే... చిన్నప్పటివే.”

“చిన్నప్పటినుంచి దాచుకుంటే పుచ్చక ఏమవుతాయండీ! సరే, నా మాట మీద నేనుంటాను. తీసుకురండి, మార్చి ఇస్తాను.”

“నొప్పి లేకుండానా?”

“ఇందులో నాకేం నొప్పండీ!”

ఆమె ఫోను పెట్టేలోపే ఇంకొకటి. ఈసారి ఒక పెద్దావిడ. “మా ఆయన పళ్ళన్నీ కదిలిపోతున్నాయి తల్లీ.”

“అడుగున గడ్డి పరచండి, కదలవు.”

“గడ్డా?”

“ఆ. మెత్తగా పరిచి మీద తడిగుడ్డ కప్పండి.”

“ఎందుకులే అమ్మా, ఆయన్నే తీసుకొస్తాను.”

“ఆయనెందుకండీ? పళ్ళు పంపండి చాలు.”

“అవి ఆయనతోనే వస్తాయి తల్లీ.”

మగమనిషి గొడవకే వస్తున్నాడని ఆమెకు అర్థమైంది. బయటికి వచ్చి మేస్త్రి ముందు నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

“జనం మరిచిపోలేదండీ! మరిచిపోయినా బాగుండేది. నేనేనాడైనా పుచ్చినవి అంటగట్టానా? కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నదాని మీద ఇన్ని చాడీలా?”

మేస్త్రి చేతిలోని ట్యూబు బుడగలు వదులుతూనే ఉంది. నిజం చెబితే పేరు పోయిందని ఏడుస్తుంది. చెప్పకపోతే పరువు పోయిందని ఏడుస్తుంది. “చూద్దాంలే” అన్నాడు.

“మీరు చూస్తూ కూర్చోండి. ఆ వచ్చేవాళ్ళ సంగతి కొట్టు దగ్గరే తేలుస్తాను” అని మేకుకున్న తాళంచెవి లాక్కుని వీధిలోకి దిగింది.

కాలు విరిగాక ఆమె గోడ పట్టుకోకుండా గుమ్మం దాటడం అదే మొదటిసారి. నిజం చెప్పేద్దామని లేచిన మేస్త్రి, అది చూసి మళ్ళీ కూర్చున్నాడు. తరువాత ఆగలేక, బావమరిదికి ఫోను చేసి వెనకే వెళ్ళాడు.

అతను వెళ్ళేసరికి షట్టర్ పైకి లేచి ఉంది. ఆమె అరలు తుడుస్తోంది. మార్చి ఇవ్వడానికని టోకు వ్యాపారిని కేకలేసి తెప్పించిన నారింజలు, దానిమ్మలు కాసేపటికే రెండు పెట్టెల్లో దిగాయి. దవడకు గుడ్డ కట్టుకున్న ఒక మనిషి ‘మనపళ్ళు ఎక్కడ’ అని దారి అడుగుతూ వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు.

“ఏవండీ మీరు పుచ్చాయన్న పళ్ళు?”

ఆయన నోరు తెరిచి చూపించాడు.

“తినేసి వచ్చి మార్చమంటారా! ఒక్క పండైనా మిగల్చలేదా?”

“పండు కాదమ్మా” అన్నాడాయన దవడ పట్టుకుని. “పన్ను.”

ఆమె చేతిలోని గుడ్డ పక్కన పెట్టి ఆయన నోట్లోకి తొంగిచూసింది. అప్పుడే బావమరిది కబురందుకున్న డాక్టరమ్మ, ఆమె వెనక రొప్పుతూ బావమరిది వచ్చారు. నంబరు మార్చడం మరిచిపోయానని అతను ఒప్పుకున్నాక, ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది.

“నా కొట్టు పేరు అద్దెకిచ్చారా?”

“ఇంక తెరవవనుకున్నా.”

“అడగొచ్చుగా?”

“తెరవనంటావని భయమేసింది” అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “అయితే నా పళ్ళు పుచ్చినవని ఎవరూ అనలేదా?”

“ఒక్కరూ అనలేదక్కా.”

అంతలో పక్కవీధి టీచరమ్మ సంచి చాచింది. “మీ గొడవ తరువాత. నారింజలు ఏరి ఇవ్వమ్మా. షట్టర్ ఎప్పుడు లేస్తుందా అని రోజూ చుట్టు తిరిగి ఇటే నడుస్తున్నాను.” మేస్త్రి భార్య కళ్ళు తుడుచుకుని ఏరడం మొదలుపెట్టింది. ఆ ఏరడం చాలాసేపు పట్టింది, అన్నీ మంచివే అయినా.

మేస్త్రి డాక్టరమ్మను పక్కకు పిలిచి, పేరు తిరిగి ఇచ్చేయమని బతిమాలాడు.

“ఇచ్చేదే లేదు మేస్త్రీ! ఇక్కడ బోర్డు పెట్టాక నా కోసం ఇన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు, మీ ఇంటికి వస్తేనేం. ఒప్పుకున్నాం, ఏడాది నాదే. కావాలంటే పేజీలో సగం మీకు అద్దెకిస్తాను. రోజుకొక దానిమ్మ.”

సాయంత్రానికి పేజీలో నవ్వుతున్న నోటి పక్కన మళ్ళీ ద్రాక్ష గుత్తి వచ్చింది, ఎవరి నంబరు వాళ్ళకు పెట్టారు. అప్పటినుంచి రోజూ కొట్టు తెరవగానే, డొమైన్ యజమాని అద్దె దానిమ్మను సైకిలు మీద తీసుకెళ్ళి తన కిరాయిదారుకు అందజేసి వస్తున్నాడు.

ఓనరమ్మ మంచిదేగానీ, కాయ చిన్నదైతే తీసుకోదని అంటున్నాడు.